ఆఫర్‌లో అసలు ధర ఎక్కడుంది?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం, తపాలా శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు మార్చకుండా, ఒకే మాట రెండుసార్లు వచ్చినచోట మాత్రం కుదించాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. పరీక్షేమీ పెట్టను. ఒకటి రెండు లెక్కలు మాత్రం వేయిస్తాను.

నిర్వాహకులు నన్ను ఆన్‌లైన్ మోసాల గురించి చెప్పమన్నారు. మోసం సంగతి నాకంటే పోలీసులు బాగా చెబుతారు. ఎవరైనా ఓటీపీ అడిగి ఖాతా ఊడ్చేస్తే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. నేను చెప్పాలనుకున్నది అంతకంటే మర్యాదగా జరిగే వ్యవహారం. సరుకు ఇంటికొస్తుంది. బిల్లూ వస్తుంది. షరతులన్నీ ఎక్కడో ఒకచోట రాసే ఉంటాయి. అయినా డబ్బు కట్టాక ‘నేననుకున్న రేటు ఇది కాదే’ అనిపిస్తుంది. తేడా ఎక్కడొచ్చిందో పట్టుకుందామంటే చేతికి చిక్కదు. ఆ తికమక దానంతటది వచ్చి పడిందని మాత్రం అనుకోకండి. దాన్ని కూర్చుని, ఆలోచించి తయారుచేసేవాళ్లు ఉంటారు.

ఇలా నష్టపోయినవాణ్ని మనవాళ్లు ‘ఆశకు పోయాడు’ అనేస్తారు. నేనొప్పుకోను. ఆశ లేనివాడెవడు? ఆఫర్ తయారుచేసేవాడు ఎక్కువగా నమ్ముకునేది మన బద్ధకాన్ని, మతిమరుపుని, మొహమాటాన్ని. కూపను వాడటం మర్చిపోతామని వాడికి తెలుసు. తిప్పి పంపడానికి బద్ధకిస్తామని తెలుసు. రెండొందల రూపాయల కోసం ఏం గొడవ పడతాంలే అని ఊరుకుంటామనీ తెలుసు. ఈ మూడింటి మీదే లెక్క కట్టి ఆఫర్ ఇస్తాడు.

పోస్టులో సరుకు తెప్పించుకోవడం కొత్తేం కాదు. అమెరికాలో, షికాగోలో, మాంట్‌గొమరీ వార్డ్ అనే వ్యాపారి 1872లో ఈ పని మొదలుపెట్టాడు. ఆయన మొదట అచ్చువేసింది లావుపాటి కేటలాగేమీ కాదు, ఒకే ఒక్క కాగితం. వస్తువు పేరు, పక్కన ధర, అంతే. పల్లెల్లో రైతులకి అది తెగ నచ్చింది. ఊళ్లో కొట్టు ఒకటే ఉంటే కొట్టువాడు చెప్పిందే రేటు కదా. ఈయన కాగితం మీద రేటు అచ్చయి ఉంది, ఎవరికైనా అదే. అంటే ఈయన మెయిల్ ఆర్డర్ వ్యాపారం మొదలుపెట్టినప్పుడు దాని గొప్పతనమంతా ధర ఒక్క గీతలో కనబడటంలోనే ఉంది. ఇప్పుడు మన ఫోన్‌లో ఆ ఒక్క గీత ఎన్ని ముక్కలైందో కాసేపట్లో చూద్దాం.

మన దేశంలో వీపీపీ, అంటే వాల్యూ పేయబుల్ పోస్టు, 1877లో వచ్చింది. ఇక్కడున్న పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు. పాత తెలుగు పుస్తకాల వెనక అట్ట మీద ‘కోరినవారికి వి.పి.పి. ద్వారా పంపబడును’ అని ఉండేది. పిల్లల కోసం చెబుతున్నాను. పోస్ట్‌మ్యాన్ పార్సిల్ తెస్తాడు. దాని మీద రాసిన సొమ్ము, అది పంపినవాడికి చేరడానికయ్యే మనియార్డరు కమిషను మీరు కట్టాలి. కట్టాకే పార్సిల్ మీ చేతికొస్తుంది. ముందు విప్పి చూస్తాను, బాగుంటే కడతాను అంటే కుదరదు. క్యాష్ ఆన్ డెలివరీ ఏదో ఈ మధ్య కనిపెట్టారనుకుంటారు మా మనవలు. ముత్తాతల కాలంనాటిది.

ఇంకో సంగతి. 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోనే, ‘నాకు నిజంగా ఆర్డరు వచ్చింది కాబట్టే పంపుతున్నాను’ అని వీపీపీ పంపేవాడి చేత డిక్లరేషన్ తీసుకునేలా ఏర్పాటుండేది. మోసమని తేలితే, వసూలైన డబ్బు ఆపి కట్టినవాడికి తిరిగిచ్చే నిబంధనలకీ చోటిచ్చారు. అడగనివాళ్లకి సరుకు అంటగట్టే బుద్ధిమంతులు ఆ రోజుల్లోనే ఉండబట్టే కదా, అన్ని జాగ్రత్తలు రాసుకున్నారు!

ఇప్పుడు నా కౌంటర్ మీద చూసింది ఒకటి చెబుతాను. వారపత్రికల చివరి పేజీల్లో ఒక ప్రకటన వచ్చేది. మీలో చాలామంది చూసే ఉంటారు. తొమ్మిది గళ్లు. 1 నుంచి 9 దాకా అంకెలు వేయాలి, అడ్డంగా నిలువుగా ఐమూలగా ఎటు కూడినా 15 రావాలి. సరైన జవాబు పంపినవాళ్లకి రేడియో, గోడ గడియారం, కెమెరా. ఎంట్రీ ఫీజు లేదు. మధ్య గడిలో 5 వేస్తే మిగతాది చిటికెలో అయిపోతుంది. అయిదో క్లాసు పిల్లాడు చేసే లెక్కకి రేడియో ఎలా ఇస్తాడని మాత్రం ఎవరికీ తోచేది కాదు.

స్టీల్ ప్లాంట్ కడుతున్న రోజులు. గాజువాక వైపు కాంట్రాక్టు పని చేసుకునే కుర్రాడొకడు వీపీపీ విడిపించుకోవడానికి వచ్చాడు. చేతిలో కంపెనీవాళ్ల ఉత్తరం ఉంది, మడిచి మడిచి మడతల దగ్గర చిరిగిపోయింది. డబ్బు కట్టాడు. అక్కడే తాడు తెంపి అట్టపెట్టె విప్పాడు. లోపల అరచేతిలో పట్టే చిన్న రేడియో. సెల్స్ వేసి తిప్పితే విశాఖపట్నం స్టేషను పలికింది కూడా. కానీ వాడి ముఖం మాడిపోయింది. పూర్ణా మార్కెట్ దగ్గర అలాంటివి వంద రూపాయల లోపు అమ్మడం వాడే చూశాడట. ‘బహుమతి అన్నారు కద సార్, మరి మూడొందలు ఎందుకు కట్టించుకున్నారు?’ అని నన్నడిగాడు. ఉత్తరం తీసుకుని చదివాను. పైన పెద్దక్షరాల్లో ‘అభినందనలు! మీరు విజేత!’ అని ఉంది. కింద, ‘మీరు గెలుచుకున్నది: 1,200 రూపాయల రేడియో మీద 900 రూపాయల రాయితీ కూపను’ అని ఉంది. బహుమతి కూపనన్నమాట, రేడియో కాదు.

ఆ ఉత్తరం రాసినవాడి తెలివికి ఇప్పటికీ దండం పెడతాను. ప్రైజ్ అన్నాడు, ఇచ్చాడు. రేడియో అన్నాడు, వచ్చింది. పనిచేస్తోంది కూడా, ఇంక ఏమని ఫిర్యాదు రాస్తాం? మొత్తం ఉత్తరంలో గుట్టంతా ఒక్క అంకెలో ఉంది. ఆ 1,200. రేడియో ఖరీదు 1,200 అని ఎవరు చెప్పారు? వాడే. ముందు చూపించే అంకె పెద్దదైతే కట్టే అంకె చిన్నగా కనబడుతుంది, అంతే సూత్రం.

ఇప్పుడు ఫోన్ తీసి ఏ షాపింగ్ యాప్ చూసినా అదే. 5,999 మీద గీత, పక్కన 2,399, దాని పక్కన ఆకుపచ్చ రంగులో 60 శాతం తగ్గింపు. గీత కొట్టిన అంకె చాలాచోట్ల ఎమ్మార్పీ. ఎమ్మార్పీ అంటే అంతకుమించి అమ్మకూడదన్న హద్దు మాత్రమే. అది సరైన ధర అని గవర్నమెంటు ముద్ర వేసిందేమీ లేదు. చాలా వస్తువులకి ఆ అంకె నిర్ణయించేది కంపెనీయే. ఆరువేల ఎమ్మార్పీ వేసి ఏ రోజూ ఆ ధరకి అమ్మకపోతే, అరవై శాతం తగ్గింపు దేంట్లోంచి తగ్గింది? మా ఇంట్లో ఆషాఢం వస్తే ఆడవాళ్లు జగదాంబ జంక్షన్ వైపు చీరల షాపులకి వెళ్తారు. మా ఆవిడ తగ్గింపు బోర్డు వైపు చూడనే చూడదు. చీర పట్టుకుని, ‘ఇది ఎంతుండొచ్చు’ అని మనసులో ఒక ధర అనుకుని, తర్వాతే చీటీ చూస్తుంది. ఫోన్‌లో చీర పట్టుకోవడానికి లేదు. అందుకే అక్కడ గీత కొట్టిన అంకెకి అంత బలం.

సరే, లెక్క. ‘50 శాతం తగ్గింపు, కార్డు మీద అదనంగా మరో 20 శాతం.’ మొత్తం ఎంత తగ్గింది? ఎవరైనా చెప్పండి.

(సభలోంచి ‘డెబ్భై’ అని వినిపించింది.)

డెబ్భై కాదండీ. మిక్సీ 6,000 అనుకోండి. యాభై శాతం పోతే 3,000. ఆ ఇరవై శాతం ఈ మూడువేల మీద. 600 పోయి 2,400. మొత్తం తగ్గింది 60 శాతం. మీరు 1,800కి వస్తుందనుకున్నారు, వచ్చింది 2,400కి. ఆరొందల తేడా మనం తలలో వేసుకున్న లెక్కలోనే ఉంది. వాడెక్కడా డెబ్భై అనలేదు. ‘రెండు కొంటే ఒకటి ఫ్రీ’ కూడా ఇంతే. వినడానికి సగం ధర అనిపిస్తుంది, నిజానికి మూడో వంతు తగ్గింది. అదీ మూడు అవసరమైతేనే. ‘80 శాతం వరకు’ అన్నచోట ఆ ‘వరకు’ని కాస్త గట్టిగా పైకి చదవండి. మొత్తం సేల్‌లో ఎవరికీ పట్టని సైజు చెప్పుల జతొకటి ఎనభై శాతానికి ఉంటే చాలు, ప్రకటన నిలబడుతుంది.

ఆ 2,400 మిక్సీ దగ్గరే ఉందాం. కొనేద్దామని నొక్కుకుంటూ వెళ్తే డెలివరీ 80. డబ్బు ఇంటి దగ్గర ఇస్తానంటే దానికో 50. ‘ఆఫర్ హ్యాండ్లింగ్’ అని 49. ఎప్పుడు చేరిందో తెలియకుండా ‘ప్రొటెక్షన్ ప్లాన్’ 149, దాని పక్కన టిక్కు ముందే పెట్టేసి ఉంటుంది. కూడితే 2,728. ఇవన్నీ మొదటి పేజీలో ఎందుకు లేవు? చివరి పేజీకి వచ్చేసరికి మనం అడ్రసు కొట్టేశాం, ఫోన్ నంబరిచ్చేశాం, మనసులో మిక్సీ వంటింట్లో పెట్టేసుకున్నాం. అక్కడ మూడొందల కోసం వెనక్కి వెళ్లబుద్ధి కాదు. బద్ధకం అన్నానే, అది ఇదే.

ఇలాంటివాటికి ఇప్పుడు రూల్స్ ఉన్నాయి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ముందే టిక్కు పెట్టిన గడితో మీ ఒప్పుదల తీసుకున్నట్టు రాసుకోకూడదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ‘డార్క్ ప్యాటర్న్స్’ అని 13 రకాల ఎత్తుగడల్ని పేరుపేరునా రాసి నిషేధించింది. మనకి తెలియకుండా బుట్టలో సరుకు చేర్చడం, ధర ముక్కలు ముక్కలుగా బయటపెట్టడం, లేని తొందర పుట్టించడం, సభ్యత్వంలోకి లాగి బయటికి దారి కనబడకుండా చేయడం, ఇవన్నీ ఆ జాబితాలోవే. నాకు బాగా నచ్చింది మొహమాటపెట్టే రకం. ‘వద్దు’ అనే బటన్ మీద ‘వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు’ అని రాస్తారు. అది నొక్కడానికి సిగ్గేస్తుంది కదా! దాన్ని కూడా తప్పు కిందే రాశారు.

తొందర పుట్టించడం అన్నాను. ‘ఈ ధర ఇంకో 9 నిమిషాలే’ అని ఎర్రంకెలు తిరుగుతుంటాయి. ఫోన్ పక్కన పెట్టి టీ తాగి రండి. పేజీ మళ్లీ తెరవండి. చాలాసార్లు ఆ గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

క్యాష్‌బ్యాక్ అనే మాట వినగానే డబ్బు చేతికొస్తుందనుకుంటాం. 300 క్యాష్‌బ్యాక్ అంటారు, వచ్చేది 300 కాయిన్లు. ఒక ఆర్డరుకి 50కి మించి వాడకూడదు, ఆర్డరు కనీసం 999 ఉండాలి, అరవై రోజుల్లో వాడాలి అని షరతు ఉందనుకోండి. మూడొందలూ రాబట్టుకోవాలంటే రెండు నెలల్లో ఆరు ఆర్డర్లు, దాదాపు ఆరువేల ఖర్చు. ఎవరు చేస్తారు? చేసినవాడు ఆరువేలు ఇచ్చాడు, చేయనివాడు మూడొందలు వదిలేశాడు. ఎటు చూసినా వాడికి నష్టం లేదు.

నో కాస్ట్ ఈఎంఐ గురించి కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పడుతున్నారు. ఫోన్ 24,000. ఆరు నెలలు, నెలకి 4,000. వడ్డీ లేదన్నారు. బ్యాంకు వడ్డీ లేకుండా అప్పిస్తుందా? ఇవ్వదు. జరిగేదేమిటంటే ఆ వడ్డీకి సరిపడా తగ్గింపు ముందే ఇచ్చినట్టు చూపిస్తారు. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే ఆరు నెలలకి సుమారు 1,016 రూపాయలు. అమ్మేవాడు ఆ 1,016 తగ్గిస్తాడు, బ్యాంకు దాన్ని మళ్లీ వడ్డీగా వసూలు చేస్తుంది. ఇంతవరకు నో కాస్టే. కానీ క్రెడిట్ కార్డు ఈఎంఐ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంది, అది మీరే కట్టాలి. సుమారు 183. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు 199 అంటే జీఎస్టీతో 235. మొత్తం 418 అదనం. ఇది పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ అదే ఫోన్ మీద మొత్తం డబ్బు ఒకేసారి కడితే రెండువేలు తగ్గింపు ఉందేమో చూశారా? ఉంటే, ఈఎంఐ తీసుకున్నందుకు ఆ రెండువేలూ పోయినట్టే. రిజర్వ్ బ్యాంకు 2013లోనే ఈ జీరో పర్సెంట్ పథకాల మీద బ్యాంకుల్ని హెచ్చరించింది. వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు పేరుతో దాచిపెడుతున్నారని ఆ రోజే అంది.

ఇక మతిమరుపు. అమెరికాలో బుక్ క్లబ్బులని ఉండేవి. సభ్యుడిగా చేరితే కొన్ని పుస్తకాలు కారుచౌకగా ఇస్తారు. తర్వాత నెలనెలా ఒక కార్డు వస్తుంది, ‘ఈ నెల పుస్తకం ఇది, వద్దంటే ఈ కార్డు తిప్పి పంపండి’ అని. తిప్పి పంపకపోతే పుస్తకమూ వస్తుంది, బిల్లూ వస్తుంది. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే. దీని మీద ఫిర్యాదులు ముదిరి 1973లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రత్యేకంగా ఒక నిబంధనే తెచ్చింది. షరతులన్నీ ముందే స్పష్టంగా చెప్పాలి, వద్దని చెప్పడానికి తగినంత గడువివ్వాలి అని.

అదే బుక్ క్లబ్బు ఇప్పుడు మీ యూపీఐలో కూర్చుంది. ‘ఒక్క రూపాయికే ట్రయల్ ప్యాక్.’ జుట్టుకి నూనో, మోకాళ్ల నొప్పులకి పొడో. ఒక్క రూపాయే కదా అని పిన్ కొడతాం. ఆ పిన్ కొట్టేముందు స్క్రీన్ మీద రెండు మూడు వరుసలు ఉంటాయి. ఎంత వరకు, ఎంతకాలం, ఎన్నాళ్లకోసారి. అక్కడ ‘1,499 వరకు, నెలకోసారి’ అని ఉంటే మీరు ఒక్క రూపాయి కట్టలేదు, నెలనెలా 1,499 దాకా తీసుకోవచ్చని రాసిచ్చారు. దాన్నే ఆటోపే మ్యాండేట్ అంటారు. ఇలా డబ్బు కోసేముందు 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. మెసేజ్ వస్తుంది కూడా. లోన్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య అది కూడా పడి ఉంటుంది, మనం చూడం. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనో మ్యాండేట్లు అనో ఒక చోటుంటుంది. తెరిచి చూడండి. అక్కరలేనిది అక్కడే రద్దు చేయొచ్చు, కంపెనీవాణ్ని బతిమాలే పనే లేదు. మా వీధిలో ఒకాయన చూసుకుంటే, ఫోన్ మార్చకముందు పెట్టుకున్న పాటల యాప్‌కి ఇంకా నెలనెలా కడుతున్నాడు.

‘ఫ్రీ’ గురించి ఒక మాట. 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం ఫ్రీ అన్నాక డెలివరీ ఖర్చులాంటి తప్పనిసరివి తప్ప వేరే ఏమీ వసూలు చేయకూడదు. ప్యాకింగనీ హ్యాండ్లింగనీ పేర్లు పెట్టి తీసుకుంటే దాన్ని ఫ్రీ అనడానికి లేదు. ‘ఈ కుక్కర్ ఫ్రీ, హ్యాండ్లింగ్ ఛార్జీలు 399 మాత్రమే’ అంటే అది 399 రూపాయల కుక్కర్. అంతే సంగతి.

ఆ మార్గదర్శకాల్లోనే మన తెలుగువాళ్లకి బాగా పనికొచ్చేది ఇంకొకటుంది. ప్రకటనలో మాట ఏ భాషలో చెబితే షరతులు కూడా ఆ భాషలోనే చెప్పాలి. అక్షరాల అచ్చు కూడా అదే ఉండాలి. గొంతుతో చెప్పినప్పుడు షరతుల్ని కూడా అదే వేగంతో చూపించాలి. ఇప్పుడు మీకు వచ్చే ప్రకటనలు గుర్తుతెచ్చుకోండి. ‘అక్కలారా, చెల్లెళ్లారా, బంపర్ ఆఫర్’ అని చక్కటి తెలుగులో పిలుస్తారు. షరతుల దగ్గరికి వచ్చేసరికి భూతద్దం పెట్టినా కనపడని ఇంగ్లీషు. పిలిచేది తెలుగులో, తప్పించుకునేది ఇంగ్లీషులో. ఇది పద్ధతి కాదని చట్టమే అంటున్నప్పుడు మనం ఎందుకు ఊరుకోవాలి? ప్రకటనలో అబద్ధం ఉంటే కంపెనీకి పది లక్షల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేసే అధికారం ఆ అథారిటీకి ఉంది.

తిప్పి పంపడం దగ్గర మాత్రం జాగ్రత్త. ‘రీప్లేస్‌మెంట్’ అంటే మారుస్తారు, డబ్బివ్వరు. ‘రిటర్న్’ అంటే డబ్బిస్తారు, కానీ ఒక్కోసారి వాళ్ల వ్యాలెట్‌లోకే. కాంబోలో అయిదు నైటీలు కొని ఒకటి చిరిగితే ఒక్కదాన్నే తీసుకుంటారా, అయిదూ పంపాలా? ఫ్రీగా వచ్చిన డబ్బాకి ధర కట్టి మినహాయించుకుంటారా? ఇవి కొనేముందు చూడాల్సినవి. చట్టం మన వైపు ఒకటి చెబుతోంది. పాడైన సరుకుని బిల్లులో చెప్పిన గడువు లోపల, అసలు గడువే రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకోనంటే అది అక్రమ వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది.

ఆఫర్లన్నీ బోగస్ అని ఎవరైనా అనుకుంటారేమో, నేనలా అనను. పాత మోడల్ వదిలించుకోవడానికి నిజంగా తగ్గించి అమ్ముతారు. మా ఇంట్లో వాషింగ్ మెషీన్ అలా కొన్నదే, బట్టలు శుభ్రంగా ఉతుకుతోంది. నేను చేసేదొకటే. చివరి పేజీ దాకా వెళ్లి, కట్టమన్న మొత్తం ఒక కాగితం మీద రాసుకుంటాను. తగ్గింపు ఎంత, ఆదా ఎంత అన్నవి రాయను. ఆ మొత్తానికి డాబా గార్డెన్స్‌లోనో గాజువాకలోనో అదే మోడల్ వస్తుందేమో ఒక ఫోన్ కొట్టి కనుక్కుంటాను. తర్వాతే కొనడం. మా అబ్బాయి నవ్వుతాడు. నవ్వనీయండి.

సరే, ఇప్పుడు అడగండి.

(పెద జాలరిపేట నుంచి వచ్చిన ఒకావిడ: ‘మేం ఏటీ బుక్ చేయలేదు బాబూ. మా ఇంటాయన పేరు మీద పార్సిల్ ఒచ్చింది, ఆరొందలు కట్టమన్నారు. పక్కింటోళ్లు కట్టీసి ఉంచారు. ఇప్పుడేటి సేయాలి?’)

అమ్మా, ఇది చాలామందికి జరుగుతోంది. ఇంట్లో లేనప్పుడు వస్తారు, పక్కవాళ్లు మంచితనం కొద్దీ కడతారు. మొదట మీవాళ్లందరికీ ఒక మాట చెప్పేయండి, ‘మేం ఫోన్ చేసి చెబితే తప్ప ఎవరూ మా పార్సిల్‌కి కట్టొద్దు’ అని. పార్సిల్ మీదున్న కాగితం చింపకండి. దాని మీద పంపినవాడి పేరు, అడ్రసు, ట్రాకింగ్ నంబరు ఉంటాయి. తెచ్చిన కొరియర్ ఆఫీసుకి ఈ రోజే ఫోన్ చేసి, మేం ఆర్డరివ్వలేదు, పంపినవాడికి డబ్బు ఆపండి అని చెప్పి, మెసేజ్ కూడా పెట్టండి. ఎంత తొందరగా చెబితే అంత మంచిది. డబ్బు పంపినవాడి ఖాతాలో పడ్డాక రాబట్టడం కష్టం. డబ్బు వెనక్కిస్తామని ఎవడైనా ఫోన్ చేసి లింకు పంపితే మాత్రం ముట్టుకోకండి. ఆరొందలతో పోయేది ఆరువేలవుతుంది.

(ఒక పెద్దాయన: ‘బిల్లు మీద ‘ఢిల్లీ కోర్టుల పరిధికి లోబడి’ అని ఉంటుంది. మనం ఢిల్లీ వెళ్లగలమా?’)

వెళ్లక్కర్లేదు సార్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో పెద్ద మార్పే ఇది. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. ఇంతకుముందు కంపెనీ ఉన్నచోటో, వ్యవహారం జరిగినచోటో కేసు వేయాల్సి వచ్చేది. ఇప్పుడు మీరు ఉండే ఊళ్లోనే, అంటే మన విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. మీరు కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ల లోపు వేయాలి. ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయొచ్చు. కానీ నా మాట వింటే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయండి. ఈ-కామర్స్ కంపెనీ అయితే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడ కాకపోతే 1915. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి, కమిషన్ దాకా పోనక్కర్లేదు.

(ఒక విద్యార్థిని: ‘సార్, నేను ఆర్డర్ పెట్టినప్పుడు రెండు కుర్తీలకి ఒకటి ఫ్రీ అని ఉంది. రెండే వచ్చాయి. ఇప్పుడు చూస్తే ఆ ఆఫర్ పేజీయే లేదు. స్క్రీన్‌షాట్ తీయలేదు. కంపెనీకి రాశాను.’)

ఆర్డర్ పెట్టగానే ఈమెయిల్ వచ్చి ఉంటుందమ్మా. దాంట్లో ఎన్ని వస్తువులని రాశారో చూడు. మూడు వరుసలుండి మూడోదాని ఎదురుగా సున్నా ఉంటే నీ కేసు గట్టిది. ఇన్వాయిస్‌లో తగ్గింపు వరుస ఉంటుంది, అది కూడా దాచు. ఆ ప్రకటన నీకు మెసేజ్‌లోనో ఇన్‌స్టాలోనో వచ్చి ఉంటే వెతుకు. మీ హాస్టల్లో ఇంకెవరైనా అదే ఆఫర్‌లో కొని ఉంటే వాళ్ల బిల్లు అడుగు, వాళ్లకి మూడు వచ్చాయంటే అదే సాక్ష్యం. పార్సిల్ లేబుల్ మీద బరువు వేసి ఉంటే అది కూడా ఫోటో తియ్యి. ఇకమీదట డబ్బు కట్టే ముందు ఆఫర్ పేజీ ఒకటి, చివరి మొత్తం ఉన్న పేజీ ఒకటి, రెండు స్క్రీన్‌షాట్లు తీసుకో. కంపెనీకి ఇప్పటికే రాశానంటున్నావు కదా? సరే, అయితే 1915కి చెయ్యి. తెలుగులో మాట్లాడొచ్చు. ఆదివారం కూడా పనిచేస్తుంది, రాత్రి ఎనిమిది దాకా. ఇప్పుడు టైమెంతైంది? ఏడుంపావు. బయట వరండాలో సిగ్నల్ బాగుంటుంది, ఆర్డర్ నంబరు చేతిలో పెట్టుకుని వెళ్లు. తర్వాత ఎవరు?